రాస్ ఐలాండ్‌కి గంట చాలదండీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో పోర్ట్‌బ్లెయిర్ గురించి నాలుగు ముక్కలు రాశాను. సెల్యులార్ జైలు గురించి అడుగుతారేమో అని చూస్తుంటే వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా దాని ఎదురుగా నీళ్ళలో కనపడే బుల్లి దీవి రాస్ ఐలాండ్ గురించే! సరే, ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. నేను అక్కడికి రెండుసార్లు వెళ్ళాను, మొదటిసారి తెలివితక్కువగా, రెండోసారి కాస్త బుద్ధి వచ్చాక, ఆ తేడా ఏంటో కింద మీకే తెలుస్తుంది.

ప్రశ్న: డిసెంబర్‌లో మావారు, నేను, ఇద్దరు పిల్లలు ఆరు రోజుల ప్యాకేజీలో అండమాన్ వెళ్తున్నాం. ఏజెంట్ ఒకే రోజు రాస్ ఐలాండ్, నార్త్ బే రెండూ పెట్టాడు. "రాస్‌లో పాడుబడ్డ గోడలు తప్ప ఏం లేవు మేడం, గంట చాలు" అంటున్నాడు. నిజమేనా? (తణుకు నుంచి ఒక గృహిణి)

జవాబు: మొదటిసారి నాకూ ఇదే మాట చెప్పారండీ. నమ్మాను. బోటు దిగడం, గుంపుతో పాటు పరుగు, ఒక నెమలి ఫోటో, ఒక చర్చి ఫోటో, అంతలో బోటు వాడు ఈల వేశాడు, మళ్ళీ పరుగు. ఇంటికొచ్చాక ఫోటోలు చూసుకుంటే ఏ గోడ ఏంటో ఒక్కటీ గుర్తులేదు. అందుకే చెప్తున్నా, కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

దీవి చాలా చిన్నది, చదరపు కిలోమీటరులో మూడో వంతు కూడా ఉండదు, అంటే మన లెక్కలో డెబ్బై ఎనభై ఎకరాలు, కోనసీమలో ఒక మోస్తరు కొబ్బరితోటల గుంపు అనుకోండి. అబెర్డీన్ జెట్టీ నుంచి బోటులో పది పదిహేను నిమిషాలు. అంత చిన్న చోటికి మూడు గంటలెందుకు అంటారా, ఆ ఎకరాల్లోనే ఒకప్పుడు ఒక ఊరు ఊరంతా ఉండేది కాబట్టి. చీఫ్ కమిషనర్ బంగ్లా, డ్యాన్సులకి బాల్‌రూమ్, చర్చి, సెక్రటేరియట్, ఆసుపత్రి, ప్రింటింగ్ ప్రెస్, బేకరీ, టెన్నిస్ కోర్టు, ఈత కొలను, కరెంటు తయారుచేసే పవర్ హౌస్, ఉప్పునీటిని మరిగించి మంచినీళ్ళు చేసే బాయిలర్లు, చివరికి శ్మశానం. అండమాన్ మొత్తాన్నీ 1858 నుంచి ఎనభై ఏళ్ళ పైగా ఇక్కడి నుంచే ఏలారు.

నా సలహా ఏంటంటే దిగగానే గుంపు అంతా పైకి పరిగెడుతుంది, మీరు ఆగండి. కింద జెట్టీ దగ్గర జపాన్ వాళ్ళు కట్టిన కాంక్రీటు బంకర్ ఉంటుంది, అది చూడండి, తర్వాత బేకరీ దగ్గరికి వెళ్ళండి. బేకరీలో ఇప్పుడు పైకప్పు లేదు. గోడ మీద ఎప్పుడో ఏదో పక్షి వేసిన విత్తనం మొలిచి జువ్విచెట్టు అయింది, దాని వేర్లు కిందికి దిగుతూ ఇటుకల మధ్య సున్నం ఎక్కడ మెత్తగా ఉందో అక్కడల్లా దూరాయి. నా మణికట్టంత లావున్న వేరు ఒకటి రెండు ఇటుకల సందులో దూరే చోట అప్పడంలాగా పల్చగా అయిపోయి, అవతల మళ్ళీ గుండ్రంగా బయటికొచ్చింది. దాని మీద చెయ్యి పెట్టి చూస్తే గోడ చల్లగా, వేరు ఇంకొంచెం వెచ్చగా అనిపించింది, అది నా భ్రమే కావచ్చు లెండి. గోడని పగలగొట్టిందీ ఆ చెట్టే, ఇప్పుడు పడిపోకుండా పట్టుకున్నదీ ఆ చెట్టే. ఇవాళ దాన్ని కొట్టేస్తే గోడ కూడా దాంతోపాటు కూలుతుంది. పిల్లలకి ఇది చూపించండి, ఏ సైన్స్ పుస్తకంలోనూ ఇంత బాగా అర్థం కాదు.

తర్వాత మెల్లగా పైకి ఎక్కితే బంగ్లా, చర్చి. ఆ వెనకాల మెట్లు దిగి లైట్‌హౌస్ వైపు వెళ్తే సముద్రం రంగు చూసి పిల్లలు ఇక కదలరు, దానికే ఒక అరగంట పక్కన పెట్టుకోండి.

ఇంకోటి, అక్కడ డిసెంబర్‌లో సాయంత్రం అయిదుకే చీకటి పడిపోతుంది. మన గడియారమే వాడతారు గానీ దీవులు బాగా తూర్పున ఉన్నాయి కదా, అందుకని. మధ్యాహ్నం తీరిగ్గా భోంచేసి వెళ్దాం అనుకుంటే అయిపోయినట్టే. పొద్దున మొదటి బోటుల్లో రాస్, తర్వాత నార్త్ బే అని ఏజెంట్‌తో గట్టిగా చెప్పండి. బుధవారం రాస్‌కి సెలవు, మీ ప్లాన్‌లో ఆ రోజు పడిందేమో ఇప్పుడే చూసుకోండి. ఏజెంట్లు ఇది ముందు చెప్పరు, తర్వాత "అయ్యో మేడం" అంటారు.

ప్రశ్న: టికెట్ మీద నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని ఉంటుందట, అందరూ రాస్ అంటారు. రెండూ ఒకటేనా, వేర్వేరా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఒకటేనండీ. 2018 డిసెంబర్ 30న పేరు మార్చారు. అదే రోజు నీల్ ఐలాండ్ షహీద్ ద్వీప్ అయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. ఆ తేదీ ఎందుకంటే సరిగ్గా 75 ఏళ్ళ ముందు, 1943 డిసెంబర్ 30న బోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. అప్పుడు దీవులు జపాన్ చేతిలో ఉన్నాయి. ఆ పర్యటనలో ఆయన బస రాస్ మీది చీఫ్ కమిషనర్ బంగ్లాలోనే అని అక్కడ చెప్తారు.

ఇక్కడ ఒక చేదు ముక్క కూడా చెప్పాలి, గైడ్లు సాధారణంగా దాటేస్తారు. ఆయన వచ్చిన ఆ రోజుల్లోనే జపాన్ వాళ్ళు గూఢచారులన్న అనుమానంతో స్థానికుల్ని సెల్యులార్ జైల్లో పెట్టి చిత్రహింసలు పెడుతున్నారు, ఆ సంగతి ఆయన దాకా రానివ్వలేదు. జెండా మాట చెప్పినప్పుడు ఇదీ చెప్తేనే సబబు అని నాకనిపిస్తుంది.

అన్నట్టు పోర్ట్‌బ్లెయిర్ పేరు కూడా 2024లో శ్రీ విజయపురం అయింది. ఆటో వాడికి మాత్రం ఇంకా పాత పేరే చెప్పండి, తొందరగా అర్థమవుతుంది.

ప్రశ్న: రాస్‌ని "తూర్పు దేశాల పారిస్" అనేవాళ్ళట. అంత వైభవంగా ఉన్న ఊరిని తెల్లవాళ్ళు ఎందుకు వదిలేసి పోయారు? ఒక వీడియోలో భూకంపం అన్నారు, ఇంకో దాంట్లో జపాన్ బాంబులు అన్నారు, ఏది నిజం? (కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: రెండూ నిజమే బాబూ, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1941 జూన్ 26న అండమాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. రాస్ మీది భవనాలు బీటలు వారాయి, అప్పుడే ఆఫీసులు పోర్ట్‌బ్లెయిర్‌కి మార్చడం మొదలైంది. ఇంకా తొమ్మిది నెలలు తిరక్కుండా 1942 మార్చి 23న జపాన్ సైన్యం దిగిపోయింది, పెద్ద యుద్ధం కూడా జరగలేదు. మూడున్నరేళ్ళు వాళ్ళే ఉన్నారు. మీరు అక్కడ చూసే బంకర్లు అప్పటివే. 1945లో తెల్లవాళ్ళు తిరిగొచ్చినా రాస్‌ని మళ్ళీ బాగుచేసుకునే ఓపిక, అవసరం రెండూ లేవు. తర్వాత జనం వచ్చి తలుపులు, టేకు చెక్క, ఇటుకలు ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోయారు, మిగిలింది చెట్లు తీసుకున్నాయి. 1979 ఏప్రిల్‌లో నేవీ చేతికి ఇచ్చారు, అప్పట్నుంచీ కొంచెం కాపలా, కొంచెం శుభ్రం. దీవి మీద వాళ్ళ చిన్న మ్యూజియం కూడా ఉంది, స్మృతిక అని, పాత ఫోటోలు చూడాలంటే అందులోకి వెళ్ళు.

ఇక ఆ పారిస్ మాట. నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది, ఎందుకో చెప్తా. 1857 తిరుగుబాటు అణిచేశాక, దొరికినవాళ్ళని ఎక్కడ పడేయాలా అని చూసి, 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ పాటిసన్ వాకర్ అనే జైలు అధికారి 200 మంది ఖైదీల్ని ఓడలో తీసుకొచ్చాడు. ముందు చాతమ్ అనే పక్క దీవిలో దించాడు, అక్కడ నీళ్ళు సరిపోలేదు, రాస్‌కి మార్చాడు. అప్పటికి రాస్ అంటే ఒట్టి అడవి. ఆ అడవి కొట్టింది, నేల చదును చేసింది, రాళ్ళు మోసింది ఎవరనుకున్నావ్, కాళ్ళకి బేడీలున్న ఆ ఖైదీలే. మొదటి నెలల్లో తట్టుకోలేక పారిపోయినవాళ్ళు పారిపోయారు, పట్టుబడ్డవాళ్ళలో ఎనభై మందికి పైగా ఒకే రోజు ఉరి తీయించాడు వాకర్. ఒకే రోజు!

అందరూ సెల్యులార్ జైలే అండమాన్ చరిత్ర అనుకుంటారు గానీ ఆ జైలు కట్టడం మొదలైందే 1896లో, పూర్తయింది 1906లో. అంటే రాస్ మీద మొదటి ఖైదీ గొడ్డలి వేటు పడి దగ్గర దగ్గర యాభై ఏళ్ళయ్యాకే జైలు తయారైంది. కాబట్టి బాల్‌రూమ్ నేల మీద మిగిలిన టైల్స్ చూసి "అబ్బ ఏం రాజసం" అనుకునే ముందు, అదే చోట నిలబడి ఎదురుగా నీళ్ళ అవతలికి చూడు. వీళ్ళు పియానో వాయించుకుంటుంటే అవతల ఒడ్డున ఏం జరుగుతోందో కనపడేంత దూరమే అది. ఊరిని దీవి మీద పెట్టుకున్నదీ అందుకే, మధ్యలో నీళ్ళుంటే ఖైదీలు మీద పడరు, అడవిలో జనం కూడా రాలేరు, గాలీ బాగుంటుంది.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. "తెల్లవాళ్ళు రాకముందు అక్కడ ఎవరూ లేరా అమ్మా" అని అడిగాడు. నాకు తెలీలేదు. చెప్తారా? (విజయవాడ నుంచి ఒక తల్లి)

జవాబు: మీ వాడు గట్టివాడండీ, టూరిస్టు బస్సులో యాభై మందిలో ఒకరు కూడా ఈ ప్రశ్న అడగరు. ఉన్నారు. గ్రేట్ అండమానీస్ అని ఇప్పుడు పిలిచే తెగలవాళ్ళు, పది భాషలు మాట్లాడేవాళ్ళు, వేల సంఖ్యలో.

మీ వాడికి ఒక నిజం కథ చెప్పండి. దూధ్‌నాథ్ తివారీ అని 1857 తిరుగుబాటులో దొరికిన సిపాయి, 1858 ఏప్రిల్‌లో రాస్ నుంచి ఇంకొంతమందితో కలిసి తెప్పలు కట్టుకుని పారిపోయాడు. అడవిలో అండమానీయుల చేతికి చిక్కారు, మిగతావాళ్ళు బాణాలకి పోయారు, ఇతను గాయాలతో బతికాడు. ఏమనుకున్నారో ఏమో ఇతన్ని తమలో కలిపేసుకున్నారు. ఒంటికి మట్టి పూసుకుని, వాళ్ళ మాట నేర్చుకుని, వాళ్ళ పిల్లనే పెళ్ళి చేసుకుని ఏడాది పైన అక్కడే ఉన్నాడు. 1859 మేలో వాళ్ళంతా తెల్లవాళ్ళ స్థావరం మీద దాడికి తయారయ్యారు, తమ నేల తమకు కావాలి కదా మరి. ఇతను ముందే పరిగెత్తుకెళ్ళి ఆ సంగతి తెల్లవాళ్ళకి చెప్పేశాడు. తుపాకుల ముందు బాణాలు ఏం నిలుస్తాయి, దాన్నే అబెర్డీన్ యుద్ధం అంటారు. దూధ్‌నాథ్‌కి క్షమాభిక్ష దొరికింది, ఇంటికెళ్ళిపోయాడు. కడుపుతో ఉన్న భార్య అడవిలోనే ఉండిపోయింది.

ద్రోహి అనాలా, బతకడానికి చేశాడనాలా? మా ఇంట్లో దీని మీద భోజనాల దగ్గర పెద్ద గొడవే అయింది, మీ ఇంట్లో కూడా పెట్టి చూడండి.

ఆ తర్వాత 1863లో అదే రాస్ మీద "అండమాన్ హోమ్" అని ఒకటి పెట్టారు, అండమానీయుల్ని మచ్చిక చేసుకుని తమ అలవాట్లు నేర్పిద్దామని. నేర్పింది ఏమో గానీ రోగాలు అంటించారు. సవాయి రోగం (సిఫిలిస్) వచ్చింది, 1877లో తట్టు వచ్చింది, వాళ్ళ ఒంటికి అలవాటు లేని రోగాలు, గుడిసెలు గుడిసెలే ఖాళీ అయ్యాయి. వేల మంది ఉన్న జాతిలో ఇవాళ మిగిలింది కొన్ని పదుల మంది. "బో" అనే వాళ్ళ భాష మాట్లాడే చివరి మనిషి, ఒక పెద్దావిడ, 2010 జనవరిలో పోయారు. ఆవిడతోపాటు ఆ భాష కూడా. రాస్ మీద ఈ హోమ్ గురించి ఎవరూ చెప్పరు, అందుకే బోటు ఎక్కే ముందు మీరే పిల్లవాడికి చెప్పి తీసుకెళ్ళండి.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా పెద్దనాన్న కొడుకులు అండమాన్‌లో చేపల వేటకెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు రమ్మంటున్నారు. మన తెలుగువాళ్ళెవరైనా అక్కడ శిక్ష పడి ఉన్నారా? ఓడ మీద వెళ్ళొచ్చా? (శ్రీకాకుళం జిల్లా పాఠకుడు)

జవాబు: మీకు అక్కడ హోటలు కూడా అక్కర్లేదు లెండి, అదృష్టవంతులు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల జనం మొత్తం 3 లక్షల 80 వేలు, అందులో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 13 శాతం, అంటే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు మనవాళ్ళే. వాళ్ళలో మీ శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. నేను అబెర్డీన్ బజారులో ఒక టీ కొట్టు దగ్గర హిందీలో "దో చాయ్" అని ముక్కుతూ మూలుగుతూ అడుగుతుంటే, కొట్టులో ఉన్నావిడ నా మొహం చూసి "ఏటమ్మా, ఏ ఊరు మీది?" అంది. అంతే, ఇక టీకి డబ్బులు తీసుకోలేదు, పైగా ఎండుచేపలు పొట్లం కట్టి ఇవ్వబోయింది. విమానంలో వాసన వస్తుందమ్మా అంటే నవ్వింది.

శిక్షల సంగతి, ఉన్నారు. అల్లూరి సీతారామరాజు గారి అనుచరుడు గాం మల్లుదొరని అండమాన్ జైలుకే పంపారు. ముందు ఉరిశిక్ష వేసి తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా మార్చారు. ఆయన బతికి బయటపడి, స్వాతంత్ర్యం వచ్చాక 1952 మొదటి లోక్‌సభ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి పార్లమెంటుకి వెళ్ళారు. కాలాపానీ నుంచి ఢిల్లీ దాకా, మామూలు విషయమా! ఆయన కాలానికి ఖైదీల్ని పెట్టేది సెల్యులార్ జైల్లో, పెత్తనం చేసే ఆఫీసులు మాత్రం ఇంకా రాస్ మీదే. అందుకని జైలు చూసిన రోజే రాస్ కూడా చూడండి, రెండూ కలిస్తేనే కథ పూర్తవుతుంది.

ఓడ విశాఖ నుంచి ఉంది, కానీ చెన్నై, కోల్‌కతా నుంచి తిరిగినన్నిసార్లు తిరగదు, తేదీలు కూడా ముందు నుంచీ ఖాయంగా ఉండవు. రెండున్నర మూడు రోజుల ప్రయాణం. మీకు సముద్రం కొత్త కాదు కాబట్టి వెళ్ళమనే అంటాను, కడుపులో తిప్పే ఇంట్లోవాళ్ళని మాత్రం విమానం ఎక్కించండి.

ప్రశ్న: మా అత్తగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఆవిడ కూడా వస్తానంటున్నారు. (హైదరాబాద్)

జవాబు: తీసుకెళ్ళండి. పైన తిరగడానికి బ్యాటరీ బండ్లు ఉంటాయి, డబ్బులు కట్టి ఎక్కొచ్చు. చర్చి దాకా ఆవిడకి ఇబ్బంది ఉండదు. లైట్‌హౌస్ వైపు మెట్లు మాత్రం వద్దు, వాన పడితే నాచు పట్టి జర్రున జారతాయి, నేనే ఒకసారి కూర్చున్నంత పని అయింది. అసలు జాగ్రత్త కావాల్సింది బోటు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. జెట్టీకి, బోటుకి మధ్య అలకి పైకీ కిందకీ అవుతుంటుంది, తొందరపడకుండా బోటు పైకి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని అడుగు వేయించండి. లైఫ్ జాకెట్ "పది నిమిషాలే కదా" అని విప్పేయొద్దు. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ఒక టూరిస్టు బోటు మునిగి ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కించాల్సిన దానికంటే ఎక్కువమందిని ఎక్కించారు. బోటు నిండా జనం ఉంటే తర్వాతి దాంట్లో వస్తాం అనండి, ఎవరేమనుకున్నా పర్లేదు.

ప్రశ్న: అక్కడ జింకలు చేతిలోంచి తింటాయట కదా! పిల్లలు బిస్కెట్లు పట్టుకెళ్తామంటున్నారు. గవ్వలు, పగడాలు కూడా ఏరుకోవచ్చా? (రాజమండ్రి)

జవాబు: వద్దు, వద్దు. రెండింటికీ ఒకటే జవాబు.

జింకలు మనుషులకి అలవాటుపడి దగ్గరికొస్తాయి నిజమే, బిస్కెట్‌తోపాటు కవరు కూడా నమిలేస్తాయి. అసలు ఆ చుక్కల దుప్పులు అండమాన్‌వి కావు, తెల్లవాళ్ళు తెచ్చి వదిలినవి. పులీ చిరుతా ఏదీ లేని చోట వదిలేసరికి మిగతా దీవుల్లో కూడా విపరీతంగా పెరిగి మొలకలన్నీ మేసి అడవికే ఇబ్బంది చేస్తున్నాయి. ఫోటో తీసుకోండి, తిండి పెట్టకండి.

పగడం ముక్క ఒక్కటి బ్యాగులో ఉన్నా ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో పట్టుకుంటారు, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. "ఒడ్డున పడుంటే తీశాను" అన్నా ఊరుకోరు. గవ్వల్లో కూడా కొన్ని రకాలు నిషేధం, ఏది నిషేధమో మనకెలా తెలుస్తుంది, అందుకే ఏదీ ముట్టుకోకపోతే పోయె.

ప్రశ్న: వైపర్ ఐలాండ్ అని ఇంకోటుందట. ఒక్కటే చూడగలిగితే ఏది? (అనంతపురం)

జవాబు: రాస్. వైపర్ మీద ఇప్పుడు చూడ్డానికి మిగిలింది తక్కువ, గుట్ట మీద ఎర్ర రంగు ఉరికంబం గది, పాత జైలు గోడలు, అంతే. కానీ చరిత్రలో దాని బరువు తక్కువేం కాదు. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో ఈ దీవులన్నీ చూసుకుని, మౌంట్ హారియెట్ కొండ మీద సూర్యాస్తమయం కూడా చూసి దిగి వచ్చి పడవ ఎక్కబోతుంటే చీకట్లో షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ కత్తితో పొడిచి చంపాడు. అతన్ని నెల తిరిగేసరికి ఉరి తీసింది ఆ వైపర్ మీదే. ఆ కొండ మీకు తెలిసిందే, పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఇంట్లో ఉంటే వెనక్కి తిప్పండి, కొబ్బరిచెట్ల సందులోంచి కనపడే సముద్రం ఆ కొండ మీంచి చూసినదే.

ప్రశ్న: కోపం తెచ్చుకోకండి గానీ, మనల్ని బానిసలుగా చూసిన వాళ్ళ బంగ్లా గోడల్ని మన డబ్బుతో కాపాడటం ఏంటి? కూలిపోతే పోనీ. (వరంగల్ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు)

జవాబు: కోపం ఎందుకు సార్, నేను కూడా మొదటిసారి అలాగే అనుకున్నా. రెండోసారి శ్మశానం దాకా వెళ్ళాను. పెద్ద అధికారుల పేర్లు వెతకబోతే కనపడినవి ఎక్కువ చిన్న చిన్న సమాధులు, రోగాలతో పోయిన పసిపిల్లలవి, పాతికేళ్ళు నిండని ఆడవాళ్ళవి. ఏలినవాళ్ళకి కనీసం పేరు చెక్కిన రాయి ఉంది. అడవి కొట్టి కట్టినవాళ్ళకి ఆ దీవి మీద ఒక్క రాయి నాకు కనపడలేదు. వాళ్ళ గుర్తుగా మిగిలింది ఏదైనా ఉంటే అది ఆ గోడలే సార్, బంగ్లాలో ఉన్నది దొర కావచ్చు, గోడ లేపిన చెయ్యి మాత్రం బీహార్‌దో, బెంగాల్‌దో, మన ఏజెన్సీదో. అందుకే కూలిపోనీ అనలేకపోతున్నా. కాకపోతే "పారిస్" అని రాసిన బోర్డు పక్కన ఖైదీల మాట కూడా పెద్ద అక్షరాల్లో రాయాలని మీలాంటివాళ్ళు ఒక ఉత్తరం రాస్తే బాగుంటుంది, నేనూ సంతకం పెడతా.

ప్రశ్న: రాస్ మీద జరిగే లైట్ అండ్ సౌండ్ షో కోసం సాయంత్రం విడిగా వెళ్ళడం దండగా? (గుంటూరు)

జవాబు: పగలు తీరిగ్గా చూసినవాళ్ళకి దండగ కాదండీ, చూడనివాళ్ళకి మాత్రం కొంచెం దండగే, ఎందుకంటే చీకట్లో ఏ గోడ గురించి చెప్తున్నారో అర్థం కాదు. సముద్రం బాగోకపోతే బోటు ఆపేస్తారు, ఆఖరి రాత్రికి పెట్టుకోకండి. దోమల మందు రాసుకుని వెళ్ళండి, మంచినీళ్ళ సీసా స్టీలుది పట్టుకెళ్ళండి.

వచ్చే నెల బారాటాంగ్ సున్నపురాయి గుహల గురించి అడిగినవాళ్ళకి జవాబులు.